చాయ్ దాదా చదివిన తెలుగు

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేదాన్ని కాదు. దానికి పెద్ద లోకానుభవం కారణమనుకునేరు, అదేం లేదు. ఇరవై మూడేళ్ళ పిల్లను, నా దగ్గర ఉన్నదల్లా ఒక చిన్న అబద్ధం. అబద్ధం ఆడినవాళ్ళకు ఒక రోగం పట్టుకుంటుంది. పక్కవాడు ఊరికే దగ్గినా మన గుట్టు తెలిసే దగ్గాడేమో అనిపిస్తుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టని మనవాళ్ళు అంటారు కదా, నేను ఆ మూడు నెలలూ భుజాలు తడుముకుంటూనే బతికాను. తీరా చూస్తే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎవరి భుజాలు వాళ్ళు తడుముకుంటూనే ఉన్నారు. ఆ సంగతి నాకు తెలిసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను.

అబద్ధం ఏమిటో ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. నేను పుట్టింది బెంగాల్లో, ఖిదిర్‌పూర్‌లో, మునిసిపల్ క్వార్టర్లలో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కాలవల పనికి వచ్చాడు, మా నాన్న నీళ్ళ పంపు దగ్గర పని చేశాడు. ఇంట్లో పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తెలుగే. ‘ఏటి’ అనకుండా మా అమ్మ ఒక్క వాక్యం మొదలుపెట్టేది కాదు. కానీ బడి బెంగాలీ బడి. అందుకని నాకు తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు. తెలుగు మాటలు రాయాల్సి వస్తే బెంగాలీ అక్షరాల్లో రాసేసేదాన్ని. (మా క్వార్టర్లలో ఇది వింతేమీ కాదు. మా ఈడు పిల్లలు సగంమంది ఇంతే. బజారుకు వెళ్ళేటప్పుడు అమ్మ ‘సింతపండు, మిరపకాయలు’ అని చెబుతుంటే బెంగాలీ అక్షరాల్లో చీటీ రాసుకునేవాళ్ళం.) ఉద్యోగం కాగితంలో మాత్రం మూడు గడులు ఉన్నాయి. తెలుగు మాట్లాడగలరా, చదవగలరా, రాయగలరా అని. నేను మూడింట్లోనూ టిక్కు పెట్టాను. మొదటి గడిలో పెట్టిన చెయ్యి అదే ఊపులో మిగతా రెండింటిలోకీ వెళ్ళిపోయింది, అంతే.

ఆఫీసు బేహాలాలో ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. రెండు గదులు, ఒక ఫ్యాను, కింద నుంచి ఎప్పుడూ పాలు మరిగే వాసన. ఫోన్లలో చూసుకునే హాస్య ధారావాహికలు నాలుగైదు భాషల్లో తీసే చిన్న కంపెనీ అది. తెలుగులో ఒకటి తీయించడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన్ను రప్పించారు. ఆయన్ను అందరూ సార్ అనేవాళ్ళు, నేనూ అంతే. సార్ వయసు ముప్పై దాటి ఉండదు. చేరిన రోజే నన్ను తెల్లబోర్డు ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. “పైలట్ ఎపిసోడ్ అంటే పెళ్ళిచూపులమ్మా. ఒక్కసారే చూస్తరు. నచ్చకపోతే లేచి పోతరు. మనం తీసే మొదటి భాగం నచ్చితేనే మిగిలినవి తీయిస్తరు, లేకుంటే నువ్వింటికి, నేను హైదరాబాద్‌కు.” నాకు మూడు నెలల గడువు. ఆ ఒక్క భాగం పాసైతే ఉద్యోగం ఖాయం, లేకపోతే మిఠాయి దుకాణం మెట్లు దిగి వెళ్ళిపోవడమే. ఇంటర్ అయినప్పటి నుంచి ఏదో ఒకటి రాసే పనే చేస్తానని ఇంట్లో అందరితో పోట్లాడినదాన్ని, దిగి వెళ్ళడానికి నాకు ముఖం లేదు.

బోర్డు మీద సార్ ఇంగ్లీషులో రాసిన సూత్రాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అందరూ రోజూ కలిసే చోటు ఒకటి ఉండాలి. ఎవరు ఎవరో మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోవాలి. ఆ చోటికి కొత్తగా ఒకరు రావాలి, వచ్చి అక్కడి లెక్క తప్పించాలి. ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి గట్టిగా కావాలి, అది ఎంత చిన్నదైనా సరే. ఆఖరికి ఎవరి చోట వాళ్ళు ఉండాలి. “ఎవ్వరు మారొద్దు. ఇయ్యాల్నే మంచోళ్ళయిపోతే రేపు ఎవర్ని చూస్తరు?” అని సార్ అడిగినప్పుడు నాకు మా క్వార్టర్ల టైమ్‌కల్ కళ్ళ ముందు కనిపించింది.

టైమ్‌కల్ అంటే వేళకు నీళ్ళొచ్చి వేళకు ఆగిపోయే వీధి కుళాయి. పొద్దున ఆరింటికి వస్తాయి, ఏడున్నరకు పోతాయి. ఆ గంటన్నరలో మా ఇరవై క్వార్టర్ల ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు రాసుకుంటే చాలు, పైలట్ దానంతటదే తయారవుతుందని నా లెక్క. మర్నాడే ఒక నోటుబుక్కు పట్టుకుని కుళాయి గట్టు మీద చివర నున్నగా ఉన్న రాయి చూసుకుని కూర్చున్నాను. మొదటి వారం పండగే. “నీ బకిట్టు నా బిందిని ముట్టుకున్నాది, మల్లీ తోముకోవాల, ఎవులు తోముతారు, నీ మొగుడా?” అని ఒకావిడ అంటే, “నా మొగుడు తోమితే నీ బింది తెల్లగవుతాదే, అలగే కానీ” అని ఇంకొకావిడ. నేను తల ఎత్తకుండా రాశాను, అంతా బెంగాలీ అక్షరాల్లోనే. ఎవరు ఎవరో తెలియాలన్న సూత్రం గుర్తొచ్చి, మొదటి పేజీలో క్వార్టరు నంబర్ల వారీగా ఎవరింట్లో ఎవరెవరు ఉంటారో పట్టిక కూడా వేసుకున్నాను.

రెండో వారం నుంచి తేడా వచ్చింది. కుళాయి దగ్గర అందరికీ ఒక్కసారిగా మర్యాద పుట్టుకొచ్చింది. “మీరు పట్టుకోండి వదినా” అని ఒకరంటే “అబ్బెబ్బే, మీరే ముందు” అని ఇంకొకరు. ఇద్దరూ ఒకరినొకరు బతిమాలుకుంటూ ఉండగానే నీళ్ళు ఆగిపోయేవి. ఏడో నంబరు క్వార్టరులో తొమ్మిదిమంది ఉండేవాళ్ళు, ఇప్పుడు ఇద్దరే బయటకి వస్తున్నారు. పదకొండో నంబరులో రెండు రోజుల కోసమని ఊరి నుంచి రైలెక్కి వచ్చి రెండేళ్ళుగా ఉంటున్న బావమరిది అసలు కనిపించడం మానేశాడు. నేను నోటుబుక్కు తెరిస్తే చాలు, మా అమ్మ కూడా నోరు మూసుకుని “రాములోరు సల్లగా సూడాల” లాంటి మాటలు మొదలెట్టేది. ఇలాంటివాళ్ళను పెట్టి హాస్యం ఎక్కడి నుంచి తీస్తారు? నన్ను చూసి ఏదో గూడుపుఠాణీ చేస్తున్నారని నాకు అనుమానం. నేనే ఏదో గూడుపుఠాణీ చేస్తున్నానని వాళ్ళకు అనుమానం.

అందరికంటే ఎక్కువ అనుమానం మా మేనత్తది. మా అత్త ఊళ్ళో నానమ్మ దగ్గర పెరిగి, అయిదో తరగతి దాకా తెలుగు చదువుకుని, పెళ్ళయ్యాక ఖిదిర్‌పూర్ వచ్చింది. మాకు మూడు ఇళ్ళ అవతల ఉంటుంది. ఆమె బిందె పట్టుకుని వస్తుంటే గట్టు మీద వాళ్ళు మాట్లాడకుండా జరుగుతారు. “ఏటే గుంటా, రోజూ అక్కడే కూకుంటావు? నీకింకెక్కడా సోటు లేదేటి?” అని అడిగింది ఒకరోజు. ఆఫీసు పని అత్తా అన్నాను. ఆ మాట అనకపోయినా బాగుండేది. “ఏ ఆపీసు?” అంది అత్త కళ్ళు చిన్నవి చేసి.

ఇక ఆఫీసులో నా అవస్థ వేరు. రాసింది సార్‌కు ఇవ్వాలి, ఇస్తే బెంగాలీ అక్షరాలు చూస్తాడు. నోటుబుక్కును కడుపుకు కరుచుకుని తిరిగేదాన్ని. “ఏందమ్మా, ఆ బుక్కు నాకెప్పుడు ఇయ్యవు?” అని ఆయన అడిగితే, “నా చేతిరాత బాగుండదు సార్, నేనే చదివి వినిపిస్తాను. ఎక్కడ నవ్వాలో కూడా తెలుస్తుంది కదా” అన్నాను. “మంచిది, నువ్వే చదువు” అన్నాడు వెంటనే. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద కూడా అనుమానం వచ్చింది.

మూడు నెలల గడువు ముగిసే ముందు శుక్రవారం మొత్తం చదివి వినిపించాను. సార్ నాలుగైదు చోట్ల పగలబడి నవ్వాడు. అయిపోయాక తల గోక్కుని, “నవ్వొస్తుంది గానీ, ఎవరికేం కావాలె? బిందె పట్టుకొని ఒకామె వస్తది, ఆమె రాంగనే అందరు జరుగుతరు. ఎందుకు జరుగుతరు? ఆమెకేం కావాలె? అది దొరికిందనుకో, పైలట్ దొరికినట్టే” అన్నాడు. సోమవారం ముంబై నుంచి నిర్ణయం చెప్పేవాళ్ళు వస్తున్నారట, అప్పటికి తెలుగులో శుభ్రంగా రాసిన కాపీ బల్ల మీద ఉండాలట. నేను నోటుబుక్కు చివరి పేజీలో ‘అత్తకు ఏం కావాలో నాకు తెలీదు’ అని రాసుకున్నాను. శుభ్రమైన కాపీ సంగతి ఆలోచించే ధైర్యం లేక ఆలోచించలేదు.

శనివారం పొద్దున కుళాయి దగ్గర ఫోను మోగితే గట్టు దిగి అవతలకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నోటుబుక్కు లేదు. గుండె జారి గట్టు కింద మురిక్కాలవలో పడినంత పనైంది. అమ్మనడిగితే “నాకేటి తెలుసు” అంది, చాలా త్వరగా అంది. పేపరు తాతను అడిగాను. హౌరా స్టేషన్లో ఎవరో తెచ్చిచ్చే తెలుగు పేపరు చదివి మా అందరికీ లోకం సంగతులు చెప్పే పెద్దమనిషి ఆయన. “పుస్తకమా? ఏ పుస్తకం? నాను సూడనేదు” అని, నేను రంగు చెప్పకముందే “నీలం అట్టదా?” అన్నాడు. అనుమానించడానికి ఇరవై క్వార్టర్లూ ఉన్నాయి, ఎవరిని పట్టుకుని అడగను? ఆ రోజంతా ప్రతి ఇంటి కిటికీలోకీ తొంగి చూస్తూ తిరిగాను. నేను తొంగి చూస్తుంటే చూసినవాళ్ళకు ఇంకా అనుమానం పెరిగిందని తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున పాలకని బయలుదేరితే, క్వార్టర్ల గేటు బయట చాయ్ దాదా దుకాణం దగ్గర జాతరలా జనం. చాయ్ దాదా, అంటే టీ కాసే అన్నయ్య, బెంగాలీ ఆయన, నా పుట్టుకకు ముందు నుంచీ అక్కడే టీ కాస్తున్నాడు. తెలుగులో ఆయనకు వచ్చిన మాటలు రెండే, ‘టీ కావాలా’, ‘సిల్లర నేదు’. అలాంటి దాదా స్టూలు మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదకు దించి, నా నీలం అట్ట నోటుబుక్కు చదువుతున్నాడు! ఎదురుగా బల్ల మీద అత్త, పక్కన పేపరు తాత, వెనకాల మా అమ్మతో సహా మహిళామండలి అంతా. నేను సరుకు బండి చాటున నక్కాను.

జరిగింది ఇది. నోటుబుక్కు తీసింది అత్తే, బియ్యం డబ్బాలో దాచింది. తెరిచి చూస్తే తనకు రాని అక్షరాలు. పేపరు తాతకు చూపిస్తే ఆయన పేజీలన్నీ తిప్పి తీర్పు చెప్పాడట. “మన గుంట మన బాసలో రాసుకుంటే మనకోసం అనుకోవచ్చు. ఇది బెంగాలీలో రాసినాదంటే మునిసిపాలిటీ ఆపీసోల్లకోసమే. ఎవులింట్లో ఎంతమంది ఎక్కువున్నారో రాసి ఇచ్చీస్తాది, ఆల్లొచ్చి కాలీ సేయించెస్తారు.” ఆ దెబ్బతో అందరికీ చెమటలు పట్టాయి. బెంగాలీ చదవడం వచ్చిన కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నా, వాళ్ళు నా స్నేహితులు కాబట్టి నిజం చెప్పరని అత్త అనుమానం. అందుకని ఎవరి పక్షమూ కాని చాయ్ దాదా దగ్గరకు తెచ్చారు.

దాదాకు మొదటి వాక్యంలోనే చిక్కొచ్చిపడింది. “ఎ కీ భాషా?” అన్నాడు. అక్షరాలు తనవే, మాట ఒక్కటీ తెలియదు. “బాస నీకెందుకు దాదా, ఏటుంటే అది సదువు” అంది అత్త సగం బెంగాలీలో, సగం తెలుగులో. దాదా చదివాడు. మొదటి పేజీ పట్టికే వచ్చింది నా ఖర్మకొద్దీ. ఏడో నంబరు తొమ్మిదిమంది, పదకొండో నంబరు బావమరిది. “సూసినారా! నాను సెప్పనేదా!” అని పేపరు తాత లేచి నిలబడ్డాడు. దాదా పేజీ తిప్పి గుండ్రటి బెంగాలీ గొంతుతో, వార్తలు చదివినంత గంభీరంగా, ‘పేపరు తాత ఆరు రోజుల కిందటి పేపరు చదివి రేపేం జరుగుతుందో చెబుతాడు’ అని చదివాడు.

ముందు మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వెనకాల ఎవరో ‘కిసుక్’మన్నారు. అంతే, బల్లలు అదిరిపోయేలా నవ్వులు. దాదాకు ఏమీ అర్థం కాక చుట్టూ చూసి, తన చదువును చూసే నవ్వుతున్నారేమోనని కోపం తెచ్చుకుని నోటుబుక్కు మూసేశాడు. “నిన్ను కాదు దాదా, ఈ ముసిలోన్ని” అని బతిమాలి మళ్ళీ తెరిపించారు. బకెట్టు ముట్టుకున్న బిందె వచ్చింది, మా అమ్మ రాములవారు వచ్చారు, ఎవరి వంతు రాగానే వాళ్ళు “ఓలమ్మో, ఇదెప్పుడు రాసిందే!” అంటూ పక్కవాళ్ళ వీపు చరచడం. పేపరు తాత కూడా కాసేపు బిగదీసుకుని ఆఖరికి, “ఆరు రోజులు కాదు, అయిదే” అని సవరించి కూర్చున్నాడు. బండి చాటున నాకు భయం పోయి ఒళ్ళంతా గర్వం పాకింది. నేను రాసింది జనం నవ్వుతూ వినడం నా జన్మలో అదే మొదటిసారి.

అప్పుడు దాదా చివరి పేజీ తిప్పాడు. ‘అత్తకు ఏం కావాలో నాకు తెలీదు.’ తర్వాత తెల్ల కాగితాలే. “ఆర్ నెయ్, బౌదీ” అన్నాడు, ఇంక లేదు వదినా అని. నవ్వులు ఆగిపోయాయి. అత్త తల తిప్పకుండానే, “ఒలే, బండి ఎనకాల నక్కింది సాలు, ఇలా రా” అంది. వెళ్ళాను. తప్పించుకోలేక మొత్తం కక్కేశాను. నాటకం లాంటిది రాస్తున్నానని, రేపటికి ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందని, తెలుగు రాయడం వచ్చని అబద్ధమాడానని. పట్టిక ఎవరికీ ఇవ్వడానికి కాదని ఒట్టు వేశాను. అత్త అంతా విని, “ముప్పై అడుగుల దూరంలో ఉంటాను. నాకేటి కావాలో నన్నడక్కుండా పుస్తకానికి సెప్పుకున్నావేటే?” అంది.

నేను తల వంచుకుని, “ఇప్పుడు అడుగుతున్నానత్తా, ఏం కావాలి నీకు?” అన్నాను. అత్త టీ తాగి, మట్టి కప్పు పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది. “నాను ఈ ఊరొచ్చినప్పుడు ఒక్క ముక్క బెంగాలీ రాదు. అప్పట్లో కుళాయి కాడ ఎక్కువమంది బెంగాలీవోల్లే, నా బింది తోసీసి అందరూ ముందుకెల్లిపోయేవోరు. అడగడానికి మాటేదీ? నెల్లాలు కాలీ బింది పట్టుకుని ఇంటికెల్లినాను. మీ మావయ్య ఒక మాట నేర్పినాడు. ‘ఆమి ఆగే.’ నాను ముందు అని. పొద్దున్నే అయిదింటికెల్లి ఆ గట్టు సివర రాయి మీద బిందెట్టి, ‘ఆమి ఆగే’ అని అరిసినాను. ఆ రోజు నుంచీ మొదటి బింది నాదే. నాకింకేటీ అక్కర్నేదు. ఆ రాయి నాకు కావాల. నువ్వొచ్చి సక్కగా దాని మీద కూకున్నావు, మూడు నెల్లయినాది. ఈ గుంట నా సోటు లాక్కోడానికే వచ్చిందనుకున్నాను.” ఆ మాట అంటూ అత్త కళ్ళు తుడుచుకుంది. (ఈ ముక్క ఆమెకు చదివి వినిపించను.) నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నున్నగా ఉందని కూర్చున్నాను గానీ, ఆ రాయి ముప్పయ్యేళ్ళుగా ఒక్క బిందె అడుగే రాసుకుని రాసుకుని అంత నున్నగా అయిందని నాకు తట్టనే లేదు.

పైలట్ దొరికింది. కానీ అత్త అంతటితో వదల్లేదు. “అందరి గుట్టూ రాసినావు. నీ గుట్టేదే?” అంది. ఆ మాటతో సార్ చెప్పిన సూత్రం ఒకటి చటుక్కున అర్థమైంది. ఆ చోటికి కొత్తగా వచ్చి లెక్క తప్పించినది ఎవరు? అక్షరాలు రాకుండా నోటుబుక్కు పట్టుకుని అత్త రాయి మీద కూర్చున్న పిల్లే కదా! ఎక్కడెక్కడో వెతికాను గానీ, మొదటి భాగం ఆ పిల్ల రావడంతోనే మొదలవ్వాలి. క్వార్టర్ల పట్టిక చించి దాదా పొయ్యిలో పెట్టాం, పదకొండో నంబరు బావమరిది అప్పటికప్పుడు బయటికొచ్చి టీ తాగాడు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలెట్టాను. బెంగాలీలోనే, నాకు వచ్చింది అదే కదా. దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చే పని అత్త తీసుకుంది.

“నేను చదువుతాను, నువ్వు రాసుకో అత్తా” అన్నాను. అత్త ఒప్పుకోలేదు. “నువ్వు సదివితే నాకు నచ్చదన్న ముక్క దాటించెస్తావు. దాదాకి తెలుగు రాదు. ఏటుంటే అదే సదువుతాడు. అతన్ని నమ్ముతాను.” ఇక చూడండి, ఆదివారమంతా మా పని. నేను ఒక పేజీ రాసి ఇస్తే, దాదా టీ కాస్తూ అది చదువుతాడు, తెలుగు ఒక్క ముక్క అర్థం కాకుండా. అత్త మా మావయ్య డ్యూటీ పుస్తకం వెనక పేజీల్లో తెలుగులో రాస్తుంది, బెంగాలీ ఒక్క అక్షరం తెలియకుండా. దాదా ఒక మాట చదివితే అత్త అయిదు మాటలు రాస్తోందేమిటని నాకు అనుమానం వచ్చింది. అడిగితే, “నాకు అచ్చరాలు పెద్దవి” అంది.

సోమవారం ముంబై నుంచి మేడమ్ వచ్చారు, ఆమె కూడా తెలుగువారే, కానీ హాస్యం చెవిన పడితేనే తేల్చగలనన్నారు. సార్ చేతిలో అత్త రాసిన పుస్తకం పెట్టాను. సార్ ఒక్కో పేజీ చాలాసేపు చూశాడు, తలాడించాడు, “మంచిగుంది” అన్నాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. నాకు గుబులు పుట్టింది. “మేడమ్‌కు నువ్వే చదివి వినిపియ్యమ్మా” అని పుస్తకం నాకు ఇచ్చాడు. నా నోటుబుక్కు దాదా దుకాణంలో ఉండిపోయింది. చేతిలో ఉన్నవన్నీ తెలుగు అక్షరాలు, అత్త అన్నట్టు పెద్దవే, కానీ నాకు పెద్దవైతే ఏం, చిన్నవైతే ఏం? “సార్, గొంతు బాలేదు, మీరు చదవండి” అన్నాను. “లేదు, నువ్వే చదువు” అన్నాడు సార్. “మీరే సార్.” “నువ్వే అమ్మా.” కుళాయి దగ్గర మర్యాద రోజులు గుర్తొచ్చాయి. ఆఖరికి నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, “నాది ఇంగ్లీష్ మీడియం అమ్మా. బస్సు బోర్డు చదువుత. అంతకన్న పెద్దది నాతోని కాదు. ఎవ్వరికి చెప్పకు” అన్నాడు. నేను మెట్ల మీద కూలబడి నవ్వానో ఏడ్చానో నాకు గుర్తు లేదు. ఇద్దరం ఒకరికొకరం దొరికిపోతామని మూడు నెలలు బిక్కుబిక్కుమంటూ గడిపాం!

అత్తకు ఫోను చేశాను. వేళకాని వేళలో రమ్మంటే ముందు నమ్మలేదు, “నన్నెందుకు? ఏటి సంతకం పెట్టమంటారు?” అంది. సంతకం కాదని రెండుసార్లు చెబితే బస్సెక్కింది. మేడమ్ చేత కింద దుకాణంలో నాలుగు రకాల మిఠాయిలు తినిపించి ఆపాం. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, పుస్తకం తెరిచి చదివింది. చదివిందనడం కంటే కుళాయిని అక్కడికి తెచ్చిందనడం మేలు. నేను రాయనివి చాలా ఉన్నాయి, అన్నీ అత్త మాటలే, అన్నీ బాగున్నాయి. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆఖర్న నోటుబుక్కు పిల్ల తన బకెట్టు తెచ్చి అత్త రాయి పక్కన పెడుతుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అత్త వస్తుంది, బకెట్టు వైపు చూస్తుంది, బిందె రాయి మీద పెడుతుంది, నీళ్ళ శబ్దం మొదలవుతుంది. అక్కడికి అయిపోయింది. అత్త పుస్తకం మూసింది.

“తర్వాత ఏమవుతుంది?” అన్నారు మేడమ్, ఇంకా ముందుకు వంగే ఉండి. అత్త ఆమెను అనుమానంగా పైనుంచి కిందికి చూసి, “అది ఇవాలే సెప్పీస్తే రేపెవులొస్తారమ్మా?” అంది. సార్ గోడకానుకుని రెండు చేతులూ జోడించాడు. బోర్డు మీద ఆయన రాసిన సూత్రాలన్నిటికీ ఆఖరి సూత్రం అదేనట, రాయడం మర్చిపోయాడట.

ఉద్యోగం నిలిచింది. మొత్తం ఆరు భాగాలు తీశాం. ఆ తర్వాత కంపెనీ వేరే ఊరు వెళ్ళిపోయింది, నేను రాత పనిలోనే ఉండిపోయాను. మా క్వార్టర్లలో అందరూ ఫోన్ల చుట్టూ మూగి చూసి, తమ పాత్ర వేసినవాళ్ళకు నటన రాదని తేల్చారు. అత్త అయితే తన వేషం వేసిన అమ్మాయిని చూసి, “బింది నడుం మీద పెట్టుకోడం రాదు, దీన్నెవులు తెచ్చినారు?” అని ఇప్పటికీ అంటుంది. తెలుగు అక్షరాలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను, ఆ గట్టు మీదే, రాయికి ఇవతల కూర్చుని. ‘ళ’ రాయాల్సిన చోట ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను.

ఈ జ్ఞాపకం మొత్తం నా చేత్తో తెలుగులో రాసి, ఇవాళ పొద్దున అత్తకు చదివి వినిపించాను. కంటి ఆపరేషన్ అయి నెల కాలేదు, డాక్టరు ఆమెను చదవొద్దన్నాడు. బల్ల మీద కూర్చుని వింటూ వింటూ, రాయి సంగతి వచ్చిన దగ్గర చెయ్యెత్తి ఆపింది. “ఆగు. ఇక్కడేదో మింగీసినావు.” ఏం లేదత్తా అన్నాను. “నీ గొంతు మారినాది. దాదాని పిలు.” అదే గేటు బయట, అదే పొయ్యి దగ్గర, దాదా ఇంకా ఉన్నాడు. “దాదాకి ఇది చదవడం రాదత్తా. తెలుగు అక్షరాలు కదా” అన్నాను. అత్త పచ్చ కళ్ళజోడు వెనక నుంచి నా వైపు చూసి, “అయితే ఇంక నిన్నే నమ్మాలేటి?” అంది. అవునత్తా అన్నాను. “నా కర్మ. సదువు” అంది.

చదివాను. అత్త కళ్ళు తుడుచుకున్న ముక్క దగ్గరకు రాగానే మళ్ళీ దాటేశాను. ఆ రోజుల్లో అక్షరాలు రాక అబద్ధమాడిన పిల్లను తలుచుకుంటే నవ్వొచ్చింది. ఇప్పుడు అక్షరాలన్నీ వచ్చాక కూడా ఆడుతున్నాను కదా, మార్పేముంది! అత్తకు తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. అయినా కాళ్ళు బల్ల మీదకు మడుచుకుని, తనకు పూర్తిగా తెలిసిన కథే అయినా, “ఊఁ, తరవాతేటయినాది?” అంది.